అడగనిదే అమ్మైనా పెట్టదు: ఆస్ట్రేలియాలో సాయం అడగడం ఎలా

మెల్‌బోర్న్‌లో ఉద్యోగంలో చేరిన మొదటి వారం, లిఫ్ట్ దగ్గర ఒకాయన ఎదురుపడి "హౌ యూ గోయింగ్?" అన్నాడు. "ట్రామ్‌లో" అన్నాను. ఆయన నవ్వి వెళ్ళిపోయాడు. ఆ మాటకు "బాగున్నావా" అని అర్థమని తెలియడానికి నాకు రెండు రోజులు పట్టింది. అది జవాబు కోసం అడిగింది కాదని, "గుడ్" అనేసి నడిచిపోవాలని తెలియడానికి ఇంకో నెల పట్టింది.

మన దగ్గర ముఖం చూడగానే "ఏంటి అలా ఉన్నావు, తిన్నావా లేదా?" అంటారు. జ్వరమని తెలిస్తే పక్కింటి నుంచి చారన్నం వస్తుంది. ఇక్కడ రాదు. వీళ్ళు మంచివాళ్ళు కాక కాదు, మీరు నోరు విప్పి చెప్పేదాకా మీ గొడవలో తలదూర్చడం మర్యాద కాదని వీళ్ళ లెక్క. ప్రభుత్వ సాయాలు, ఆఫీసు సాయాలు కూడా అలాగే ఉంటాయి. తలుపులు చాలానే ఉన్నాయి, తట్టాల్సింది మాత్రం మనమే. మనకేమో మొహమాటం.

పన్నెండేళ్ళుగా పేరోల్ పనిలో ఉన్నాను. డబ్బు తక్కువ పడినా అడగనివాళ్ళను, నిద్ర పట్టకపోయినా చెప్పనివాళ్ళను చాలామందిని చూశాను. ఒకప్పుడు నేనూ అందులో ఒకదాన్ని. అందుకే ఏ తలుపు ఎక్కడుందో, తట్టినప్పుడు ఏమనాలో రాస్తున్నాను.

కష్టం రాకముందే చేసి పెట్టుకునేవి

ముందు ఒక జీపీని, అంటే మామూలు డాక్టర్ని, ఎంచుకోండి. జ్వరం వచ్చినప్పుడు ఎక్కడ ఖాళీ ఉంటే అక్కడికి పరిగెత్తడం కాదు. ఒకే క్లినిక్, వీలైతే ఒకే డాక్టర్. ప్రభుత్వ వైద్య బీమా అయిన మెడికేర్ నుంచి డబ్బు రావాలంటే, ఇక్కడ స్పెషలిస్ట్ దగ్గరికైనా, సైకాలజిస్ట్ దగ్గరికైనా దారి జీపీ గుండానే పోతుంది. మిమ్మల్ని ముందు నుంచి చూస్తున్న డాక్టర్‌కైతే మాట చెప్పడం తేలిక. క్లినిక్‌కి ఫోన్ చేసినప్పుడు "బల్క్ బిల్లింగ్ ఉందా?" అని అడగండి. ఉంటే మెడికేర్ కార్డు చూపిస్తే చాలు, చేతి నుంచి ఏమీ కట్టక్కర్లేదు.

పీఆర్, అంటే శాశ్వత నివాస హక్కు, వచ్చినవాళ్ళకు మెడికేర్ ఉంటుంది. స్టూడెంట్ వీసా మీద ఉన్నవాళ్ళకు ఓఎస్‌హెచ్‌సీ అనే ఆరోగ్య ఇన్సూరెన్స్ తప్పనిసరి. చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకు మెడికేర్ వర్తించదు, ఎందుకంటే కొన్ని దేశాలతో ఆస్ట్రేలియాకు ఉన్న పరస్పర వైద్య ఒప్పందం ఇండియాతో లేదు. వాళ్ళకు ఇన్సూరెన్స్ విమానం ఎక్కకముందే తీసుకోండి. ఇంకొకటి చాలామందికి బిల్లు వచ్చాకే తెలుస్తుంది: అంబులెన్స్ ఖర్చు మెడికేర్‌లోకి రాదు. క్వీన్స్‌లాండ్, టాస్మేనియాల్లో అక్కడ నివాసం ఉండేవాళ్ళ ఖర్చు రాష్ట్రమే చూసుకుంటుంది. విక్టోరియాలో అయితే అంబులెన్స్ మెంబర్‌షిప్ తీసుకోవాలి, లేదా మీ ఇన్సూరెన్స్‌లో అది కలిసి ఉందో లేదో చూసుకోవాలి. ఏడాది మెంబర్‌షిప్ కంటే ఒక్క ట్రిప్పు బిల్లు ఎన్నో రెట్లు ఎక్కువ.

తరువాత 131 450 నంబరు ఫోన్‌లో సేవ్ చేయండి. ఇది ప్రభుత్వ దుభాషీల సర్వీసు, ఇరవై నాలుగు గంటలూ ఉంటుంది. "తెలుగు" అని చెప్పి, ఏ ఆఫీసుతో మాట్లాడాలో చెబితే మధ్యలో ఒక ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతారు. డాక్టర్ దగ్గరికైతే అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే "తెలుగు ఇంటర్‌ప్రెటర్ కావాలి" అనండి, క్లినిక్ వాళ్ళే ఏర్పాటు చేస్తారు. మన తెలుగువాళ్ళ లోకం చిన్నది కదా, ఆ ఇంటర్‌ప్రెటర్ మనకు తెలిసినవాళ్ళే అయితే ఎలా అన్న టెన్షన్ అందరికీ ఉంటుంది. అక్కడ విన్నది బయట చెప్పకూడదని వాళ్ళకు కట్టుబాటు ఉంది. అప్పటికీ ఇబ్బందిగా ఉంటే ఎదురుగా కాకుండా ఫోన్‌లో మాట్లాడే ఇంటర్‌ప్రెటర్‌ను అడగండి, ఆడమనిషి కావాలనీ అడగొచ్చు. పదేళ్ళ పిల్లాడిని కూర్చోబెట్టి అమ్మమ్మ రోగం గురించి తర్జుమా చేయించడం మాత్రం మానేయాలి. వాడికి ఆ పదాలూ తెలియవు, ఆ బరువూ వాడు మోయలేడు.

పేస్లిప్ చదవడం

ఒక ఆదివారం, మా వీధిలో ఉండే ఒక కుర్రాడు వచ్చాడు. ఇరవై మూడేళ్ళవాడు, మాస్టర్స్ చదువుతూ ఒక హోటల్ కిచెన్‌లో చేస్తున్నాడు. టీ తాగుతూ, వెళ్ళబోయే ముందు, చెప్పుల్లో కాళ్ళు పెడుతూ అన్నాడు: "అక్కా, గంటకు 18 అంటే తక్కువా?" మనవాళ్ళు అసలు విషయం ఎప్పుడూ గుమ్మం దగ్గరే చెబుతారు.

మళ్ళీ కూర్చోబెట్టి కాగితం తీశాను. 2025 జూలై 1న దేశం మొత్తానికీ కనీస వేతనం గంటకు 24.95 డాలర్లు అయింది. ఈ అంకె ఏటా జూలైలో మారుతుంది, ఆ నెలలో తప్పకుండా చూసుకోండి. అతను క్యాజువల్, అంటే సెలవులు, ఖాయమైన గంటలు లేనివాడు, కాబట్టి దానిమీద ఇంకో 25 శాతం. 31.19 అయింది. అతనికి వచ్చేది 18. గంటకు 13.19 తేడా. వారానికి ఇరవై గంటల చొప్పున 263.80. ముప్పై వారాలు చేశాడు. 7,914 డాలర్లు. ఆ అంకె కింద గీత గీసేసరికి వాడి టీ చల్లారిపోయింది. శని ఆదివారాలకు, పండగ రోజులకు రేటు ఇంకా ఎక్కువ, అది నేను కలపనే లేదు.

"మనవాళ్ళ హోటలే కదా, రాగానే పని ఇచ్చాడు కదా అని ఊరుకున్నా అక్కా."

పని ఇచ్చినందుకు కృతజ్ఞత ఉండాల్సిందే. దానికి గంటకు పదమూడు డాలర్లు కట్టక్కర్లేదు.

మీ పేస్లిప్ ముందు పెట్టుకుని ఇవి చూడండి. జీతం ఇచ్చాక ఒక పనిదినం లోపల పేస్లిప్ ఇవ్వాలి. అసలు పేస్లిప్పే ఇవ్వకపోవడం మొదటి ప్రమాద సంకేతం. యజమాని పేరు, ఏబీఎన్ అనే వ్యాపార నంబరు ఉన్నాయా? గంటలు, గంటకు రేటు విడివిడిగా రాశారా? పట్టుకున్న పన్ను ఎంత? సూపర్ లైను ఉందా? సూపర్ అంటే మన పీఎఫ్ లాంటిది, కానీ మీ జీతంలోంచి కోసేది కాదు, యజమాని పైన కట్టేది. 2025 జూలై నుంచి అది 12 శాతం. పేస్లిప్ మీద ఉన్నంత మాత్రాన కట్టినట్టు కాదు. మైగవ్ అనే ప్రభుత్వ వెబ్‌సైటులో ఏటీఓ, అంటే పన్నుల ఆఫీసు, ఖాతా తెరిచి, డబ్బు నిజంగా ఫండ్‌లో పడిందో లేదో మూడు నెలలకోసారి చూసుకోండి. ఇది పేరోల్ మనిషిగా నొక్కి చెబుతున్నాను, ఎందుకంటే సూపర్ ఎగ్గొట్టిన సంగతి చాలామందికి ఉద్యోగం మానేశాకే తెలుస్తుంది.

"నువ్వు ఒక ఏబీఎన్ తీసుకో, ఇన్‌వాయిస్ పెట్టు" అని క్లీనింగ్ పనికో, ప్యాకింగ్ పనికో పిలిస్తే ఆగండి. వాళ్ళు చెప్పిన టైముకు వచ్చి, వాళ్ళు చెప్పిన పని వాళ్ళ సామానుతో చేస్తున్నారంటే మీరు ఉద్యోగి అయ్యే అవకాశమే ఎక్కువ. ఏబీఎన్ పేరుతో సూపర్, సెలవులు, గాయమైతే వచ్చే పరిహారం అన్నీ ఎగ్గొట్టడం ఇక్కడ పాత ఎత్తు. పన్ను కోసం ఇచ్చే టీఎఫ్ఎన్ నంబరు తెప్పిస్తామని డబ్బు అడిగేవాళ్ళనూ నమ్మకండి, అది ఏటీఓలో ఉచితం.

తక్కువ ఇస్తున్నారని తేలితే ఇలా చేయండి. ముందు మీరు చేసిన గంటలు తేదీలవారీగా ఒక నోటుబుక్కులో రాయండి. రోస్టర్ మెసేజ్‌లు, బ్యాంకు స్టేట్‌మెంట్లు దాచుకోండి. తరువాత యజమానికి కోపం లేకుండా, రాతపూర్వకంగా అడగండి: "ఫలానా తేదీ నుంచి నాకు రావాల్సిన రేటు ఇదని తెలిసింది, లెక్క జతచేశాను, చూసి చెప్పండి." ఫోన్‌లో అడిగితే గాలిలో పోతుంది. అప్పటికీ కదలకపోతే, జీతాల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ నంబరు 13 13 94. ఫోన్ ఉచితం కాకపోవచ్చు గానీ, సలహా ఉచితం. ఆరేళ్ళ వెనకటి బాకీ వరకూ అడిగే హక్కు ఉంది. 2025 జనవరి 1 నుంచి కావాలని జీతం ఎగ్గొట్టడం నేరం కూడా అయింది.

"వీసా పోతుందేమో" అన్నది అసలు భయం. స్టూడెంట్లు క్లాసులు జరిగే రోజుల్లో రెండు వారాలకు 48 గంటలే చేయాలి. అది దాటించి, "కంప్లయింట్ ఇస్తే నీ వీసాయే పోతుంది" అని బెదిరించే యజమానులున్నారు. కనీస వేతనం హక్కు ఏ వీసా మీద ఉన్నవాళ్ళకైనా ఒకటే. ఇలా మోసపోయి ఫిర్యాదు చేసినవాళ్ళ వీసాను, కొన్ని షరతుల మీద, కాపాడే ఏర్పాటూ ఉంది. అయితే మీ కేసులో అది ఎలా వర్తిస్తుందో వాట్సాప్ గ్రూపులో అడగొద్దు. కమ్యూనిటీ లీగల్ సెంటర్‌లో ఉచితంగా లాయర్ దొరుకుతారు. మెల్‌బోర్న్ పడమటి వైపు వాళ్ళకు వెస్ట్‌జస్టిస్ ఉంది, సిడ్నీలో విదేశీ విద్యార్థుల కోసం రెడ్‌ఫర్న్ లీగల్ సెంటర్ ఉంది. వీసా సలహా అయితే రిజిస్టర్ అయిన మైగ్రేషన్ ఏజెంటో, లాయరో మాత్రమే ఇవ్వాలి. వాట్సాప్ గ్రూపు అనేది రూముల కోసం, ఎయిర్‌పోర్ట్ పికప్‌ల కోసం, కరివేపాకు మొక్క కోసం బ్రహ్మాండంగా పనికొస్తుంది, అంతవరకే.

మా కుర్రాడి కథ ఫెయిర్ వర్క్ దాకా వెళ్ళలేదు. లెక్క కాగితం మీద చూడగానే హోటలాయన రెండు రోజులు అలిగి, తరువాత మూడు విడతల్లో ఇచ్చాడు.

ఆఫీసు ఉద్యోగాల వాళ్ళకు నాలుగు ముక్కలు. ఫుల్‌టైమ్ అయితే ఏడాదికి నాలుగు వారాల సెలవు, పది రోజుల సిక్ లీవ్ మీ హక్కు, మేనేజర్ దయ కాదు. రాత్రి పదింటికి వచ్చే మెసేజ్‌కు, జవాబివ్వకపోవడం మరీ అసమంజసమైతే తప్ప, జవాబివ్వకుండా ఉండే హక్కు 2024 ఆగస్టు నుంచి చట్టంలో ఉంది. అన్యాయంగా తీసేశారనిపిస్తే ఫెయిర్ వర్క్ కమిషన్‌కు 21 రోజుల్లో అప్లై చేయాలి. ఆ 21 రోజులూ బాధపడుతూ గడిపేయకండి. స్పాన్సర్ వీసా 482 వాళ్ళకు ఉద్యోగం పోతే ఇంకో స్పాన్సర్‌ను వెతుక్కోవడానికి ఒక విడతలో 180 రోజులు ఉంటాయి. పాత వాళ్ళు ఇంకా "అరవై రోజులే" అని భయపెడుతుంటారు. అది 2024 జూలై ముందు మాట.

మనసు బాగాలేనప్పుడు

ఇది నా సంగతి. రెండో కాన్పు అయ్యాక వచ్చిన చలికాలం. ఐదింటికే చీకటి. మా ఆయన నైట్ షిఫ్టు. పిల్ల పడుకున్నా నాకు నిద్ర లేదు. ఇక్కడ అర్ధరాత్రి అయితే ఇండియాలో రాత్రి ఏడున్నర, కాబట్టి అమ్మకు ఫోన్ చేసేదాన్ని. "పచ్చి బాలింతవి, అలాగే ఉంటుంది, వాము తిను" అనేది. అమ్మ తప్పు లేదు, తనకు తెలిసిన మందు అది.

విక్టోరియాలో బిడ్డ పుట్టాక మెటర్నల్ అండ్ చైల్డ్ హెల్త్ నర్సు చూస్తుంది, ఉచితం. బిడ్డ బరువు, పొడవు చూశాక నాకు ఒక కాగితం ఇచ్చింది. పది ప్రశ్నలు. "గత ఏడు రోజుల్లో నవ్వగలిగారా? కారణం లేకుండా మిమ్మల్ని మీరు తప్పు పట్టుకున్నారా?" అలాంటివి. నేను అన్నిటికీ మంచి జవాబులే టిక్ పెట్టాను, పరీక్షలో లాగా. ఆమె కాగితం చూసి, నా వైపు చూసి, "ఇంకోసారి నింపుతారా? నేను బయట ఉంటాను" అంది. రెండోసారి నిజం పెట్టాను.

ఎందుకు చెబుతున్నానంటే, ఇక్కడ "ఎలా ఉన్నావు" అని నిజంగా అడిగేది చాలాసార్లు ఒక ఫారమే. ఫారంకు అబద్ధం చెప్పకండి.

మీ వంతుకు ఇలా చేయండి. జీపీ క్లినిక్‌కి ఫోన్ చేసి "లాంగ్ అపాయింట్‌మెంట్ కావాలి, మెంటల్ హెల్త్ ప్లాన్ కోసం" అనండి. మామూలు అపాయింట్‌మెంట్ పది పదిహేను నిమిషాలే, అందులో అసలు మాట రాదు. లోపలికి వెళ్ళాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే ముందే మూడు వాక్యాలు ఫోన్‌లో రాసుకుని చదవండి: ఎన్ని వారాల నుంచి, నిద్ర తిండి ఎలా ఉన్నాయి, ఏ పని చేయలేకపోతున్నారు. "ఒళ్ళంతా నొప్పులు, గుండె దడ" అని మాత్రమే చెబితే డాక్టర్ రక్తపరీక్ష రాస్తాడు. మనవాళ్ళ బాధ ఎక్కువగా ఒంట్లోంచే మాట్లాడుతుంది కాబట్టి, "మనసు కూడా బాగాలేదు" అన్న ఒక్క ముక్క కలపండి.

డాక్టర్ కొన్ని ప్రశ్నలు వేసి ప్లాన్ రాస్తారు. దానితో సైకాలజిస్ట్ దగ్గర ఒక క్యాలెండర్ సంవత్సరంలో పది సెషన్ల వరకు మెడికేర్ కొంత డబ్బు వెనక్కి ఇస్తుంది. మొత్తం కాదు, మిగతాది మీరు కట్టాలి. ఫీజు ఎంత, వెనక్కి వచ్చేది ఎంత అని ముందే అడగండి, ఇక్కడ అది తప్పు కాదు. వీడియోలో కూడా సెషన్లు జరుగుతాయి, కాబట్టి మీరు పెర్త్‌లో ఉన్నా సిడ్నీలోని తెలుగు సైకాలజిస్ట్‌తో మాట్లాడొచ్చు. మొదటి మనిషితో కుదరకపోతే ఇంకొకరి దగ్గరికి మారండి, ఆ సైకాలజిస్ట్ ఏమీ నొచ్చుకోరు.

డబ్బు, మెడికేర్ రెండూ లేకపోతే? స్టూడెంట్లకు యూనివర్సిటీలోనే కౌన్సెలింగ్ ఉంటుంది. ఉద్యోగుల్లో చాలామందికి ఈఏపీ ఉంటుంది: కంపెనీ డబ్బు కడుతుంది, బయటి కౌన్సెలర్ మాట్లాడతారు, ఎవరు మాట్లాడారో మేనేజర్‌కు తెలియదు. పేరోల్‌లో ఉన్న నాకూ తెలియదు. బిల్లులో ఎన్ని సెషన్లో ఉంటుంది, పేర్లుండవు. కుటుంబ సభ్యులకూ చాలా కంపెనీల్లో వర్తిస్తుంది. మెడికేర్ మెంటల్ హెల్త్ నంబరు 1800 595 212కు ఫోన్ చేస్తే దగ్గర్లో ఉన్న ఉచిత సెంటర్ చెబుతారు, రెఫరల్ అక్కర్లేదు. బాలింతలకు, వాళ్ళ భర్తలకు పాండా అనే సంస్థ ఉంది: 1300 726 306. బతకాలని లేదు అనిపించే రాత్రి లైఫ్‌లైన్ 13 11 14, ఏ గంటకైనా. ప్రాణం మీదికి వస్తే 000.

ఏటా సెప్టెంబరు రెండో గురువారం ఆఫీసుల్లో పసుపు రంగు బెలూన్లు, కప్‌కేకులు కనిపిస్తాయి. "ఆర్ యూ ఓకే డే" అది. తండ్రిని ఆత్మహత్యలో పోగొట్టుకున్న గావిన్ లార్కిన్ 2009లో మొదలుపెట్టాడు. కేకు తిని వచ్చేయకండి. లిఫ్ట్ దగ్గరి "హౌ యూ గోయింగ్" లాంటిది కాదు ఇది, ఆ రోజు అడిగేవాళ్ళు వినడానికే అడుగుతారు.

ఇంట్లోనే భయం ఉంటే

కొట్టడం ఒక్కటే హింస కాదు. జీతం కార్డు లాక్కోవడం, పాస్‌పోర్టు దాచడం, ఫోన్లు చూడటం, "వీసా క్యాన్సిల్ చేయిస్తా" అనడం కూడా హింసే. విక్టోరియా చట్టంలో కట్నం పేరుతో వేధించడాన్ని కూడా గృహహింసకు ఉదాహరణగా రాశారు. గృహహింస హెల్ప్‌లైన్ 1800 737 732కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. పార్ట్‌నర్ వీసా మీద వచ్చి హింస వల్ల విడిపోతే, పీఆర్ దారి మూసుకుపోకుండా వీసా నిబంధనల్లో ప్రత్యేక ఏర్పాటు ఉంది. భర్త ఒక్క మాటతో వీసా రద్దు చేయించేస్తాడన్నది బెదిరింపు మాత్రమే.

ఉద్యోగం చేసేవాళ్ళకు, క్యాజువల్స్‌తో సహా, ఇందుకోసం ఏడాదికి పది రోజుల జీతంతో కూడిన సెలవు ఉంది. ఆ సెలవు పేరు పేస్లిప్ మీద రాయకూడదని రూలు, ఎందుకంటే ఇంట్లో ఆ కాగితం ఎవరు చదువుతారో తెలియదు. అలాంటి సెలవు నా చేతుల మీదుగా వెళ్ళినప్పుడల్లా మామూలు పని గంటల్లాగే కనిపించేలా నమోదు చేస్తాం. ఆఫీసులో అడగాలా వద్దా అని తటపటాయించేవాళ్ళు ఈ ఒక్క సంగతి తెలుసుకోవాలి.

చేతిలో డబ్బు ఆడనప్పుడు

సెంటర్‌లింక్ ఇచ్చే నిరుద్యోగ భృతికి కొత్తగా పీఆర్ వచ్చినవాళ్ళు సాధారణంగా నాలుగేళ్ళు ఆగాలి. కాబట్టి "ఆస్ట్రేలియాలో ఉద్యోగం పోయినా గవర్నమెంట్ చూసుకుంటుంది" అనే మాట మీద లెక్కలు వేసుకోకండి. మూడు నెలల ఖర్చు పక్కన పెట్టుకోండి. దాన్ని తెలిసినవాళ్ళు నడిపే చీటీలో పెట్టొద్దు. చీటీ పాడినవాడు విమానమెక్కేస్తే ఏ ఆఫీసుకూ చెప్పుకోలేరు.

కరెంటు బిల్లు, హోమ్ లోన్ కట్టలేకపోతే గడువు తేదీకి ముందే ఫోన్ చేసి ఒక మాట అనాలి: "ఐ యామ్ ఇన్ ఫైనాన్షియల్ హార్డ్‌షిప్." ఇది తాళంచెవి లాంటి మాట. ఈ మాట వినగానే మామూలు కాల్ సెంటర్ నుంచి హార్డ్‌షిప్ టీముకు కలపాలి, వాయిదాలు వేయడం గురించి మాట్లాడాలి. ఊరికే "కొంచెం టైం ఇవ్వండి సార్" అంటే ఈ తలుపు తెరుచుకోదు. అప్పులు చాలా ఉంటే నేషనల్ డెట్ హెల్ప్‌లైన్ 1800 007 007, ఉచితం. ఇల్లు, తిండి, లాయరు ఏది కావాలన్నా ఆస్క్ ఇజ్జీ వెబ్‌సైటులో పిన్‌కోడ్ కొడితే చుట్టుపక్కల ఉన్న సాయాలన్నీ చూపిస్తుంది, పేరు చెప్పక్కర్లేదు. ఫుడ్ బ్యాంకుకు వెళ్ళడం పరువు తక్కువ కాదు. గుడిలో అన్నదానం పంక్తిలో కూర్చున్నప్పుడు ఎవరూ మన జీతం అడగరు కదా.

వీధి, పార్కు, షెడ్డు

పక్కింటివాళ్ళతో మాట కలపడానికి నాకు తెలిసిన సులువైన దారి చెత్త డబ్బాలు. వాళ్ళు ఊరెళ్ళినప్పుడు వాళ్ళ డబ్బాను కూడా రోడ్డు మీదికి లాగి పెట్టండి, చెత్తబండి వెళ్ళాక లోపల పెట్టండి. రెండు వారాల్లో పలకరింపు, రెండు నెలల్లో తాళంచెవి ఇచ్చేంత చనువు. మాకు అలాగే అయింది.

ఎవరూ తలుపు తట్టకపోతే ఏమవుతుందో ఈ ఊరికి తెలుసు. మెల్‌బోర్న్‌లో ఒక పెద్దావిడ ఇంట్లోనే చనిపోయి రెండేళ్ళపాటు ఎవరికీ తెలియలేదు. ఆ తరువాతే 2003 మార్చిలో ఇక్కడ నైబర్ డే మొదలైంది. ఏటా మార్చి ఆఖరి ఆదివారం వస్తుంది. ఆ రోజు నాలుగు గారెలు పట్టుకెళ్తే ఎవరూ వింతగా చూడరు.

వచ్చిన అమ్మానాన్నల ఒంటరితనం గురించి మనం తక్కువ మాట్లాడుకుంటాం. కారు నడపరు, వీధిలో మనుషులు కనిపించరు, మనం ఆఫీసులో. మా నాన్న ఆర్టీసీ డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యారు. వచ్చిన మూడో వారానికి ఫ్రిజ్ చప్పుడు కూడా లెక్కపెట్టడం మొదలుపెట్టారు. దగ్గర్లో మెన్స్ షెడ్ ఉందని తెలిసి తీసుకెళ్ళాను. 1990ల్లో ఆస్ట్రేలియాలో మొదలైనవే ఇవి, ఇప్పుడు వెయ్యికి పైగా ఉన్నాయి. వయసైన మగవాళ్ళు చేరి చెక్కపని, రిపేర్లు చేస్తారు. మగవాళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడరు, పక్కపక్కన నిలబడి పనిచేస్తూ మాట్లాడతారన్నది వాళ్ళ సూత్రం. నాన్నకు వచ్చిన ఇంగ్లిషు "ఎస్", "నో", "స్పానర్". ఆ రోజు పాత గడ్డికోత మిషను ఒకటి స్టార్ట్ కావడం లేదు. నాన్న కార్బ్యురేటర్ విప్పి, ఊది, చొక్కా అంచుతో తుడిచి బిగించారు. అది బుర్రుమనగానే అక్కడున్న ఐదుగురు ముసలాళ్ళూ చప్పట్లు కొట్టారట. ఆ తరువాత మంగళవారాలు ఆయనకు ఖాళీ లేదు.

అమ్మలకైతే లైబ్రరీ. కథలు చెప్పే గంటకు మనవణ్ణి తీసుకెళ్ళొచ్చు, ఇంగ్లిషు మాట్లాడే గుంపులుంటాయి, చాలా చోట్ల తెలుగు పుస్తకాలూ దొరుకుతాయి. పీఆర్ ఉన్నవాళ్ళకు ప్రభుత్వం నడిపే ఇంగ్లిషు క్లాసులు ఉచితం. టార్నీట్, బ్లాక్‌టౌన్ లాంటి చోట్ల సాయంత్రం పార్కులో రెండు రౌండ్లు కొడితే ఎవరో ఒకరు తెలుగులో పలకరిస్తారు.

అడగడం కష్టంగా ఉన్నవాళ్ళకు ఒక చిట్కా: ముందు ఇవ్వడం మొదలుపెట్టండి. స్కూలుకు డబ్బు పోగుచేయడానికి బన్నింగ్స్ అనే హార్డ్‌వేర్ దుకాణం ముందు సాసేజ్‌లు కాల్చి అమ్మే శనివారం ఒక గంట నిలబడండి. నాకు ఉల్లిపాయలు తరిగే పని ఇచ్చారు. ఉల్లిపాయ జారిపడి ఎవరైనా కాలు జారతారని, 2018 నుంచి దాన్ని సాసేజ్ కింద పెట్టాలని బన్నింగ్స్ రూలు. ఆ రూలు గురించి జోకులేసుకుంటూ పరిచయమైన ఒకావిడే తరువాత నా బిడ్డకు జ్వరం వచ్చిన రోజు పెద్దదాన్ని స్కూలు నుంచి తెచ్చిపెట్టింది. ముందు ఉల్లిపాయలు తరగకపోతే నేను ఆవిణ్ణి అడగగలిగేదాన్ని కాదు.

ఫ్రిజ్ మీద కాగితం

ఈ నంబర్లన్నీ ఒక కాగితం మీద పెద్ద తెలుగు అక్షరాలతో రాసి ఫ్రిజ్‌కు అంటించండి. అన్నిటికంటే పైన 000, దాని కింద మీ ఇంటి అడ్రసు, ఇంగ్లిషు ఉచ్చారణ తెలుగులో. ఆ నంబరుకు ఫోన్ చేస్తే ముందు పోలీసా, ఫైరా, అంబులెన్సా అని అడుగుతారు. అది చెప్పాక భాష పేరు చెబితే ఇంటర్‌ప్రెటర్‌ను కలుపుతారు. లైను మాత్రం కట్ చేయకూడదు.

అమ్మ వచ్చినప్పుడు ఒక సాయంత్రం రిహార్సల్ చేయించాను. నేను ఆపరేటర్‌ని, చెంచా ఫోను.

"పోలీస్, ఫైర్ ఆర్ ఆంబులెన్స్?"

"అమ్మా, మా ఆయనకి గుండెల్లో నొప్పిగా ఉందండీ, కొంచెం..."

"అలా కాదమ్మా. 'అంబులెన్స్', 'తెలుగు'. రెండే మాటలు."

రెండోసారి "ప్లీజ్ అండీ" అంది. మూడోసారి నాన్న పక్కనుంచి నవ్వేసరికి తనూ నవ్వింది. నాలుగోసారి చెంచా చెవికి గట్టిగా ఆనించుకుని, గొంతు సవరించుకుని, "అంబులెన్స్. తెలుగు" అంది. ఆగి, కాగితం వైపు చూసి ఇంటి నంబరు చదివింది.